నల్లులున్నాయని చెబితే పోయేది మన పరువు కాదు

ఈసారి భూమి గురించి రాయడం లేదు. కులం సర్టిఫికెట్ గురించీ కాదు. నల్లుల గురించి రాస్తున్నాం. అవును, మంచంలో ఉండే నల్లులే. నవ్వొస్తే నవ్వుకోండి, కానీ చివరి దాకా చదవండి. గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు టౌన్లలో అద్దెకుంటున్న మనవాళ్లలో ఎంతమంది ఈ మాట బయటికి చెప్పుకోలేక రాత్రిళ్లు లైటు వేసుకుని కూర్చుంటున్నారో మీకూ తెలుసు, మాకూ తెలుసు.

ముందు మేం చూసిన ఒక సంగతి చెబుతాం. పేర్లు చెప్పం. గుంటూరు మిర్చి యార్డుకి నడిచి వెళ్లేంత దూరంలో ఒక వరస ఇల్లు. ఆరు పోర్షన్లు, రెండు బాత్‌రూములు, ఒక కుళాయి. మూడు పోర్షన్లలో మనవాళ్లున్నారు. ఒకదాంట్లో యానాది కుటుంబం, భార్యాభర్తలిద్దరూ సీజన్లో టిక్కీల దగ్గర, కాయల తొడిమలు తీసే దగ్గర పని చేస్తారు. ఇంకోదాంట్లో ఎరుకల కుటుంబం, ఆయన ఆటో తోలతాడు. మూడోదాంట్లో వినుకొండ వైపు తండా నుంచి నర్సింగ్ చదవడానికొచ్చిన ఇద్దరు సుగాలి ఆడపిల్లలు.

ఆ ఆడపిల్లల చేతుల మీద, మెడ మీద ఎర్రటి దద్దుర్లు లేచాయి. వరసగా మూడు, నాలుగు. కాలేజీలో అడిగితే చెమటకాయలన్నారు. పక్క పోర్షన్ వాళ్లు అడిగినా అదే మాట. వాళ్లకి తెలుసు అవి నల్లి కాట్లని. దిండు గలీబు తిప్పితే నల్లటి చుక్కలు కనబడుతున్నాయి. కానీ చెబితే ఏమవుతుందో కూడా వాళ్లకి తెలుసు. "తండా నుంచి తెచ్చారు" అంటారు. ఆ ఒక్క మాటకి భయపడి మూడు నెలలు నోరు మూసుకున్నారు.

యానాది కుటుంబం కూడా నోరు మూసుకుంది. ఆయన ఊరెళ్లినప్పుడు పత్తికి కొట్టే మందు ఓ సీసాడు తెచ్చి, మంచం పట్టెల సందుల్లో, గోడ మూలల్లో పోశాడు. ఆ రాత్రి తలుపులేసుకుని పడుకున్నారు. తెల్లారేసరికి నాలుగేళ్ల పిల్లకి వాంతులు, నోట్లోంచి చొంగ, కళ్లు తేలేసింది. ప్రభుత్వాసుపత్రికి పరిగెత్తారు. పిల్ల దక్కింది. ఆస్పత్రి నుంచి వచ్చేసరికి ఇంటి ఓనరుకి విషయం తెలిసిపోయింది. "మీలాంటోళ్లకి ఇల్లిస్తే ఇంతే" అని వాకిట్లో నిలబెట్టి అని, సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమన్నారు. ఆరు వేల అడ్వాన్సు మందు కొట్టించే ఖర్చుకి పట్టుకున్నామన్నారు.

ఆ తర్వాత తెలిసిందేంటంటే, ఆ వరసలో ఆరు పోర్షన్లలోనూ నల్లులున్నాయి. చివరి పోర్షన్లో ఓ గుమస్తా ఉంటాడు, మన కులమేం కాదు. ఆయన మంచంలో ఏడాది ముందు నుంచే ఉన్నాయి. ఆయనా సిగ్గుపడి చెప్పలేదు. నల్లి ఆరు గదులు తిరిగింది. నింద మాత్రం ఒక్క గడప దగ్గరే ఆగింది.

మేం చెప్పదలుచుకున్న మాట ఇదే. నల్లులు పట్టడం మన తప్పు కాదు, మన కులం లక్షణం కాదు. అది ఆ ఇంటి సమస్య. దాన్ని దాచుకున్నంత కాలం అది పెరుగుతుంది, చివరికి నింద మన మీదికే వస్తుంది. కనబడిన మొదటి వారంలోనే, కాగితం మీద, నలుగురూ కలిసి చెప్పాలి. దాని కోసం ఏం చెయ్యాలో కింద రాస్తున్నాం.

మనవాళ్లు ఎందుకు దాస్తారన్న దాని గురించి కొంచెం ఆగి మాట్లాడుకుందాం. ఈ సిగ్గు మనతో పుట్టింది కాదు, మన మీద రుద్దింది. బాపట్ల పక్కన స్టూవర్టుపురం ఎలా పుట్టింది? నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల వాళ్లని తెచ్చి, 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ చేతిలో పెట్టిన సెటిల్‌మెంట్ అది. మద్రాసు ప్రభుత్వంలోని ఓ దొర పేరు ఆ ఊరికి పెట్టారు. మనిషి ఏ నేరం చేశాడని అడగలేదు, ఏ కులంలో పుట్టాడని అడిగారు. హాజరు పలకాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. ఆ చట్టం 1952 ఆగస్టు 31 నాటికి దేశమంతటా రద్దయింది. కానీ ఊళ్లో ఏది పోయినా, ఏది చెడినా ముందు ఆ ఇంటి వైపు చూసే చూపు రద్దు కాలేదు. టు-లెట్ బోర్డు చూసి తలుపు కొడితే, "మీరేవిట్లు?" అన్న ప్రశ్న ఇవాళ్టికీ వస్తుంది. ఆ ప్రశ్నకి అబద్ధం చెప్పి ఇల్లు సంపాదించిన మనవాళ్లు ఎంతమంది లేరు? అబద్ధం మీద దొరికిన గదిలో నల్లులు కనబడితే నోరెలా లేస్తుంది?

అందుకే ముందు నల్లి గురించి నిజాలు తెలుసుకుందాం. నిజం తెలిస్తే సిగ్గు సగం పోద్ది.

నల్లి మురికిలో పుట్టదు. దానికి కావలసింది మనిషి రక్తం, దాక్కోవడానికో సందు. అంతే. చెత్త తినదు, అన్నం మెతుకులు తినదు. కడిగిన గచ్చు మీద కూడా బతుకుద్ది. 2023లో పారిస్ నగరంలో సినిమా హాళ్లలో, రైళ్లలో నల్లులు కనబడుతున్నాయని ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది. న్యూయార్క్‌లో పెద్ద పెద్ద అపార్టుమెంట్లకీ తప్పలేదు. అక్కడ వాళ్లెవరూ తండా నుంచి రాలేదు కదా.

దానికి రెక్కల్లేవు. ఎగరదు, దూకదు, పాకుద్ది. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మన సామాన్ల మీదే వస్తుంది. పాత మంచం, పాత సోఫా, పరుపు, బ్యాగు, దుప్పటి మూట. వరస ఇళ్లలో అయితే గోడ పగుళ్లలోంచి, కరెంటు పైపుల కన్నాల్లోంచి పక్క గదికి పోతుంది. పగలు పట్టె సందుల్లో, నులక ముళ్లల్లో, పరుపు కుట్ల వెంట, క్యాలెండర్ వెనక, స్విచ్ బోర్డు వెనక దాక్కుని తెల్లవారుజామున బయటికొస్తుంది. ఆడ నల్లి బతికినన్నాళ్లలో వందల గుడ్లు పెడుతుంది. గుడ్డు వారం, పది రోజుల్లో పిల్ల అవుద్ది. పెద్దదయ్యే లోపు పిల్ల ఐదుసార్లు కుబుసం విడుస్తుంది, ప్రతిసారికీ ముందు రక్తం తాగాల్సిందే. తిండి లేకపోయినా నెలల తరబడి బతికుండగలదు. కాబట్టి గదికి తాళం వేసి రెండు వారాలు ఊరెళ్లొస్తే చచ్చిపోతాయనుకోవద్దు. ఆకలి మీద ఎదురుచూస్తా ఉంటాయి.

ఇంకో నిజం. నల్లి కాటు వల్ల జబ్బులు అంటుకుంటాయని తేలలేదు. దోమ లాగా మలేరియా, డెంగీ మోసుకురాదు. దురద, గోకితే పుండు, నిద్ర లేకపోవడం, మరీ ఎక్కువ పడితే పసిపిల్లల్లో రక్తం తగ్గడం, ఇవీ దాని నష్టాలు. నిద్ర లేకపోవడం చిన్న విషయం కాదు. తెల్లారి ఎనిమిదింటికి టిక్కీలు మోసేవాడికి, పరీక్ష రాసే పిల్లకి రాత్రి నిద్రే పెట్టుబడి.

నల్లి కంటే ప్రమాదమైంది మనం దానికి కొట్టే మందు. ఇది మన ప్రాంతం వాళ్లకి గట్టిగా చెప్పాల్సిన మాట. మనది పత్తి, మిరప నేల. సందుకో పురుగుమందుల షాపు. ఇంట్లో సగం వాడిన సీసా ఎప్పుడూ ఉంటుంది. పొలం మందు పొలంలోనే కొట్టాలి. దాన్ని పది అడుగుల గదిలో, పిల్లలు పడుకునే మంచం మీద పొయ్యడమంటే ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే. మోనోక్రోటోఫాస్ లాంటి మందులు చర్మం ద్వారా కూడా ఒంట్లోకి పోతాయి. 2013లో బీహార్లో మధ్యాహ్న భోజనంలో ఆ మందు కలిసి ఇరవై మందికి పైగా బడిపిల్లలు చనిపోయిన సంగతి గుర్తు చేసుకోండి. గిడ్డంగుల్లో పెట్టే సెల్ఫాస్ మాత్రలు అంతకంటే ఘోరం. ఆ వాయువు పక్క గదిలో పడుకున్నవాళ్ల ప్రాణం కూడా తీస్తుంది. పొరపాటున ఎవరికైనా మందు సోకి వాంతులు, చొంగ, చెమటలు, ఊపిరాడకపోవడం కనబడితే వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. మందు సీసా కూడా ఆస్పత్రికి తీసుకెళ్లండి. డాక్టరుకి ఏ మందో తెలిస్తే వైద్యం తొందరగా మొదలవుద్ది.

పైగా ఆ మందులతో నల్లి చస్తుందన్న గ్యారంటీ కూడా లేదు. దీన్ని మన పెద్దోళ్లకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. 1980ల్లో గుంటూరు, ప్రకాశం పత్తి చేలల్లో తెల్లదోమ చేసిన పని వాళ్లు కళ్లారా చూశారు. కొత్తగా వచ్చిన మందులు మళ్లీ మళ్లీ కొట్టేకొద్దీ దోమ చావలేదు, పెరిగింది. అప్పులు మిగిలాయి. 1987-88లో మన జిల్లాల్లో పత్తి రైతులు ఉరితాళ్లు పట్టుకున్నది అప్పుడే. నిన్న మొన్న 2021-22లో మిరపకి నల్ల తామర పురుగు వచ్చినప్పుడూ అంతే, ఎన్ని డబ్బాలు కొట్టినా తోటలు పీకేసుకున్నారు. నల్లి సంగతీ ఇదే. డీడీటీ వచ్చిన కొన్నేళ్లకే, 1940ల్లోనే, దానికి తట్టుకునే నల్లులు బయటపడ్డాయి. ఇప్పుడు షాపుల్లో దొరికే స్ప్రేల్లో ఉండే పైరిత్రాయిడ్ మందుల్ని కూడా చాలా చోట్ల నల్లులు తట్టుకుంటున్నాయి. స్ప్రే కొడితే కొన్ని చస్తాయి, మిగతావి పక్క గదికి పారిపోతాయి. అంటే మన డబ్బుతో మనమే సమస్యని వరసంతా పంచిపెడుతున్నాం.

మరి ఏం చెయ్యాలి?

మొదట నిర్ధారణ చేసుకోవాలి. అర్ధరాత్రి దాటాక టార్చి పట్టుకుని పరుపు కుట్లు, మంచం కీళ్లు, గోడ పగుళ్లు చూడండి. ఇంకు చుక్కల్లాంటి నల్ల మచ్చలు, ఖాళీ పొట్టు, కాయధాన్యం గింజంత గోధుమరంగు పురుగు కనబడతాయి. ఒకదాన్ని సెల్లోటేపుకి అంటించి కాగితం మీద పెట్టండి. తేదీ వెయ్యండి. పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తియ్యండి. ఇది మీ సాక్ష్యం. రేపు ఎవరైనా "అవి చీమలు, చెమటకాయలు" అంటే చూపించడానికి పనికొస్తుంది.

రెండోది, పక్క గదుల వాళ్లకి చెప్పండి. ఇది అన్నిటికంటే కష్టమైన పని, అన్నిటికంటే ముఖ్యమైన పని కూడా. "అక్కా, మా గదిలో నల్లులు కనబడ్డాయి, మీదాంట్లో కూడా ఓసారి చూసుకోండి" అంటే చాలు. చాలా సార్లు వచ్చే జవాబు "మాకూ ఉన్నాయమ్మా" అనే.

మూడోది, ఓనరుకి రాతపూర్వకంగా చెప్పండి. నోటి మాటకి లెక్క లేదు. వాట్సాప్ అయినా ఫర్వాలేదు, తేదీ, టైము దాంట్లోనే ఉంటాయి. ఎలా రాయాలో తెలియని వాళ్ల కోసం ఒక నమూనా ఇస్తున్నాం, కాపీ చేసుకోండి:

"అయ్యా/అమ్మా, మీ ఇంట్లో ఫలానా నెల నుంచి అద్దెకు ఉంటున్నాము. ఫలానా తేదీన మా గదిలో నల్లులు కనిపించాయి. ఫొటోలు జత చేశాము. పక్క గదుల్లో కూడా ఉన్నట్లు తెలిసింది. దయచేసి అన్ని గదులనూ చూపించి, ఒకేసారి మందు కొట్టించవలసిందిగా కోరుతున్నాము. గోడల పగుళ్లు పూడ్పించగలరు. ఆ రోజు సామాను జరిపి సహకరిస్తాము. వారం రోజుల్లో జవాబు ఇవ్వగలరు."

కింద ఒక్క సంతకం ఉంటే అది ఫిర్యాదు. ఆరు సంతకాలు ఉంటే అది ఆ ఇంటి సమస్య అని ఓనరే ఒప్పుకోవాలి. మనవాళ్లు, మనవాళ్లు కానివాళ్లు అందరూ కలిసి సంతకం పెట్టండి. అప్పుడు "మీరే తెచ్చారు" అనడానికి వేలు ఎటు చూపించాలో తెలియదు.

నాలుగోది, ఓనరు పట్టించుకోకపోతే మీ వార్డు సచివాలయానికి వెళ్లండి. అక్కడ పారిశుధ్యం, పర్యావరణం చూసే కార్యదర్శి ఉంటారు. అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. అదే అర్జీ మున్సిపల్ హెల్త్ ఆఫీసరుకీ ఇవ్వొచ్చు. మన ఆంధ్ర ప్రాంతంలో 1939 నాటి ప్రజారోగ్య చట్టం ఇంకా ఉంది. ఒక ఇల్లు ఆరోగ్యానికి హానికరంగా ఉంటే దాన్ని సరిచెయ్యమని నోటీసు ఇచ్చే అధికారం ఆ చట్టం స్థానిక సంస్థకి ఇచ్చింది. అక్కడా కదలకపోతే సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. అర్జీ నంబరు జాగ్రత్తగా పెట్టుకోండి.

ఐదోది, అడ్వాన్సు. నల్లుల పేరు చెప్పి అడ్వాన్సు పట్టుకుంటే ఊరుకోవద్దు. షెడ్యూల్డ్ తెగల వాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందే హక్కు 1987 న్యాయ సేవల చట్టంలో ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, కుల ధ్రువీకరణ పత్రం పట్టుకెళ్లండి. 15100 నంబరుకి ఫోన్ చేసినా సలహా చెబుతారు. కేసు దాకా పోకుండానే ఇద్దరినీ పిలిచి మాట్లాడించే ఏర్పాటు కూడా అక్కడ ఉంది.

ఆరోది, కులం పేరుతో తిడితే. పై సంఘటనలో ఓనరు అన్న మాట వాకిట్లో, నలుగురి ముందు అన్నారు. అది గుర్తుపెట్టుకోవాల్సిన విషయం. అట్రాసిటీ చట్టం ప్రకారం నలుగురికీ కనబడే, వినబడే చోట కులం పేరు పెట్టి తిట్టడం, అవమానించడం నేరం. బయటివాళ్లెవరూ లేని నాలుగు గోడల మధ్య అన్న మాటకి కేసు నిలబడడం కష్టమని 2020లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అందుకే ఎవరి ముందు అన్నారు, ఏ రోజు, ఎన్నింటికి, ఏ మాట అన్నది వెంటనే రాసి పెట్టుకోండి. 14566 హెల్ప్‌లైన్ ఉంది. ప్రతి గొడవనీ కేసు చెయ్యమని మేం చెప్పడం లేదు. కేసు పెట్టగలిగిన మనిషితో ఎదుటివాడు జాగ్రత్తగా మాట్లాడతాడని మాత్రం చెబుతున్నాం.

ఇక మందు కొట్టించే రోజు. పెస్ట్ కంట్రోల్ వాళ్లని పిలిస్తే లైసెన్సు అడగండి. 1968 పురుగుమందుల చట్టం కింద వాళ్లకి లైసెన్సు ఉండాలి. ఏ మందు కొడుతున్నారో పేరు రాయించుకోండి. అన్ని గదులకీ ఒకే రోజు జరగాలి. ఒక్కసారితో అయిపోదు, గుడ్లు మిగులుతాయి కాబట్టి రెండు వారాల్లోపు మళ్లీ ఇంకోసారి కొట్టాలి. వాళ్లు చెప్పినంత సేపు పిల్లల్ని, గర్భిణుల్ని, ముసలివాళ్లని లోపలికి రానివ్వొద్దు.

మన చేతిలో ఉన్న పనీ ఉంది. మన తాతలు చేసిన పనులే, సరిగ్గా చెయ్యాలంతే. నల్లి వేడికి ఓర్వలేదు. యాభై డిగ్రీలు దాటితే గుడ్డుతో సహా చస్తుంది. దుప్పట్లు, గలీబులు, బట్టలు మసిలే నీళ్లలో నానబెట్టి ఉతకండి. మంచం పట్టెల్లో, కీళ్లల్లో సలసలకాగే నీళ్లు పొయ్యండి, ఈ పనికి పిల్లల్ని దూరంగా ఉంచండి. నులక విప్పేసి మరగబెట్టండి, లేదా మార్చండి. రెంటచింతల ఎండల గురించి రాష్ట్రమంతా చెప్పుకునే నేల మనది. మే నెల ఎండలో కల్లంలో కాయలు ఆరబోసినట్టు, ఉతకలేని సామాను నల్ల కవర్లలో వేసి మూతి కట్టి, వేడెక్కిన డాబా మీద పలచగా పరచండి. మధ్యాహ్నమంతా ఉంచి, తిప్పి మళ్లీ ఉంచండి. మందంగా ఉన్న పరుపు లోపలికి ఎండ వేడి చాలదు, దాన్ని నమ్ముకోవద్దు. గోడ పగుళ్లు సిమెంటుతో పూడ్చి సున్నం వెయ్యండి. మంచం గోడకి ఆనకుండా జరిపి, నాలుగు కోళ్లూ సబ్బునీళ్లు పోసిన డబ్బాల్లో పెట్టండి, కింద నుంచి ఎక్కేవి అందులో పడతాయి. రోజూ నీళ్లు మార్చండి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి.

నల్లులు పట్టిన పరుపుని రోడ్డు మీద అలాగే పడెయ్యొద్దు. ఇంకో పేదోడు ఇంటికి మోసుకెళతాడు. కోసి, పనికిరాకుండా చేసి పారెయ్యండి. భయపడి రాత్రికి రాత్రి బంధువుల ఇంటికి మూట కట్టుకు పోవద్దు. మూటతో పాటు అవీ వస్తాయి.

ఖర్చు ఎవరిదన్న దగ్గరే గొడవంతా వస్తుంది. ఉన్నదున్నట్టు చెప్పుకుందాం. కేంద్రం 2021లో ఇచ్చిన నమూనా అద్దె చట్టంలో ఏ రిపేరు ఎవరిదో పట్టిక ఉంది. గోడలకి సున్నం, తలుపులకి రంగు, పైపులు, వైరింగు ఓనరు పని. కుళాయి వాషరు, కాలవ శుభ్రం, స్విచ్చులు, చివరికి దోమతెర జాలీ మార్చడం కూడా అద్దెకున్నవాళ్ల పని. నల్లి మాట మాత్రం ఆ పట్టికలో ఎక్కడా లేదు. ఆ ఖాళీలోనే మనవాళ్ల అడ్వాన్సులు పోతున్నాయి.

న్యూయార్క్‌లో ఎలా ఉందో చూడండి. అక్కడ నల్లుల్ని పోగొట్టే బాధ్యత ఓనరుది. కొత్తగా అద్దెకొచ్చేవాళ్లకి గడిచిన ఏడాదిలో ఆ ఇంట్లో నల్లులున్నాయా లేదా అన్నది కాగితం మీద రాసివ్వాలి. 2017లో చేసిన చట్టంతో ప్రతి ఏటా నగర పాలక సంస్థకి కూడా లెక్క చెప్పాలి. అక్కడ ఎవరు తెచ్చారన్న ప్రశ్న లేదు. ఎవరు తెచ్చారో ఎవరూ తేల్చలేరు కాబట్టి, ఇల్లు ఎవరిదో వాళ్లు బాగు చెయ్యాలి. అద్దెకున్నవాళ్లు సహకరించాలి. ఇది న్యాయంగా ఉందా లేదా మీరే చెప్పండి.

కొంతమంది అంటారు, "ఏమో, నిజంగానే మనవాళ్లే తెచ్చారేమో. సీజన్లో షెడ్లలో పడుకుంటాం, పాత మంచాలు కొంటాం." కావచ్చు. కాదని మేం ప్రమాణం చెయ్యం. దోర్నాల, యర్రగొండపాలెం వైపు నుంచి మిరప కోతలకి వచ్చే చెంచు కుటుంబాల్ని ఎక్కడ పడుకోబెడుతున్నారో చూడండి. రేకుల షెడ్డు, పాత గోతాల పట్టలు, పోయినేడు ఎవరో వాడి వదిలేసిన దుప్పట్లు. వలస కూలీలకి సరైన వసతి ఇవ్వాలని 1979లో చట్టం వచ్చింది. కానీ 2025లో రద్దయ్యే దాకా కూడా అది రాష్ట్రం దాటి వచ్చేవాళ్లకే ఉండేది. ప్రకాశం నుంచి పల్నాడు వచ్చేవాళ్లకి, కర్నూలు నుంచి గుంటూరు వచ్చేవాళ్లకి అది వర్తించేది కాదు. పడుకోడానికి చోటు ఇవ్వని వాడు ఎవడు, ఆ చోటు నుంచి నల్లిని మోసుకొచ్చావని నింద మోసేవాడు ఎవడు? ఒకవేళ మనమే తెచ్చినా, నింద వెయ్యడం వల్ల నల్లి పోదు. నింద భయంతో మనిషి దాస్తాడు, దాచిన నల్లి ఆరు గదులూ తిరుగుద్ది. ఓనర్లకి కూడా చెబుతున్నాం, తిట్టని ఓనరుకే ముందు తెలుస్తుంది, ఖర్చు తక్కువలో పోతుంది.

ఓనర్లందరూ దుర్మార్గులని మేం అనడం లేదు. రెండు పోర్షన్ల అద్దె మీదే మందులు కొనుక్కునే ఒంటరి ముసలమ్మలు కూడా ఉన్నారు. అలాంటి చోట ఖర్చు ఆరు గదులకీ పంచుకుని, కొంత అద్దెలో తగ్గించుకునే ఒప్పందం చేసుకోండి. అదీ కాగితం మీద రాసుకోండి.

ఇంకొందరు అంటారు, "భూములు పోతుంటే, సర్టిఫికెట్లు దొంగలు పట్టుకుపోతుంటే నల్లుల గొడవేంటి?" మనది మైదాన ప్రాంతం అన్నా. మనకి ఐదో షెడ్యూల్ లేదు, 1/70 లేదు. మనలో ఎక్కువమందికి సెంటు భూమి లేదు. ఊళ్లో కాలవ గట్టు మీద గుడిసె, టౌన్లో అద్దె గది, ఇవే మన ఆస్తులు. టౌన్లో గది పోతే పిల్ల చదువు పోతుంది, ఆయన పని పోతుంది. హక్కుల పోరాటమంటే ఊరేగింపు ఒక్కటే కాదు. అద్దె గదిలో తల ఎత్తుకుని ఉండటం కూడా.

అందుకే మేం అడిగేవి మూడు. ప్రతి మున్సిపాలిటీలో దోమల ఫిర్యాదు తీసుకున్నట్టే నల్లుల ఫిర్యాదూ తీసుకోవాలి, ఇంటికొచ్చి చూడాలి. మన రాష్ట్రంలో అద్దె ఒప్పందాల్లో నల్లుల నివారణ ఓనరు బాధ్యతగా రాయాలి, ఆ పేరుతో అడ్వాన్సు కోయకూడదు. గిరిజన సంక్షేమ హాస్టళ్లలో ప్రతి సెలవులకీ ముందు, తర్వాత మంచాలు, పరుపులు తనిఖీ చెయ్యాలి, ఎందుకంటే పిల్ల హాస్టల్ నుంచి ఇంటికొస్తే పెట్టెతో పాటు ఏమొస్తుందో తల్లికి తెలియదు.

ఆ వరస ఇంటి సంగతి ఎక్కడ ఆపామో అక్కడికొద్దాం. యానాది కుటుంబం ఖాళీ చేసి వెళ్లిపోయింది. మిగిలిన ఐదు పోర్షన్ల వాళ్లని కూర్చోబెట్టి మాట్లాడాం. మొదటి సంతకం ఎవరు పెడతారన్న దగ్గర చాలాసేపు ఎవరూ కదల్లేదు. చివరికి ఆ నర్సింగ్ చదివే ఆడపిల్లల్లో పెద్దామె పెట్టింది. తర్వాత గుమస్తా గారు పెట్టారు, "మా ఇంట్లో ఏడాదిగా ఉన్నాయి" అని తనే రాసి మరీ. కాగితం ఓనరుకి, వార్డు సచివాలయానికి చేరాక ఆరు గదులకీ రెండుసార్లు మందు కొట్టారు. ఆరు వేలూ రెండు విడతల్లో వెనక్కొచ్చాయి. అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. అది ఇంకా బాకీ ఉంది.

మీ గదిలో కూడా ఇలాంటి సమస్య ఉంటే సిగ్గుపడకండి. ఇవాళ రాత్రి టార్చి వేసి చూడండి. రేపు పొద్దున పక్కింటి తలుపు కొట్టండి. అర్జీ రాయడం రాకపోతే ఈ పేజీకి మెసేజ్ పెట్టండి, మీ ఊళ్లో ఉన్న మనవాళ్లు వచ్చి రాసిపెడతారు. ఈ పోస్టు అద్దెకుంటున్న ప్రతి ఒక్కరికీ చేరేలా షేర్ చెయ్యండి.

జై భీమ్. జై ఆదివాసీ.